ఎమల్షన్ పలకల పని మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

రష్యాలోని డుబ్నా సింక్రోఫేజోట్రాన్ అనే కణత్వరణ యంత్రంలో కార్బన్ కేంద్రకాల పుంజానికి ఎదురుపెట్టిన పాత ఎమల్షన్ పలకలు, అంటే కణాలు వెళ్లిన దారి వెండి రేణువుల జాడగా మిగిలే ఫొటో పలకలు, నీకు అప్పగించారని చదివి ఎంతో సంతోషించాను. ఒక్కో న్యూక్లియాన్‌కు, అంటే ప్రోటాన్‌కు లేదా న్యూట్రాన్‌కు, 4.5 జీఈవీ/సీ ద్రవ్యవేగం ఉన్న ఆ పుంజం మీద నేను ఏళ్ల తరబడి పనిచేశాను కనుక, మైక్రోస్కోపు ముందు కూర్చోకముందే నీకు కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

రెండు కేంద్రకాలు నడిబొడ్డున ఢీకొనడం తక్కువ, పక్కగా ఒరుసుకుని పోవడమే ఎక్కువ. ఒకదానికొకటి అడ్డుపడిన భాగంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లే అసలు దెబ్బ తింటాయి, పయాన్లనే తేలికైన కొత్త కణాలు పుట్టేదీ అక్కడే. దెబ్బ తగలని కార్బన్ భాగం దాదాపు పాత వేగంతోనే ముందుకు సాగిపోతూ, తనలో మిగిలిన కొద్దిపాటి ఉద్రేకంతో విడిపోతుంది. కేంద్రకంలో న్యూక్లియాన్లకు సహజంగా ఉండే ద్రవ్యవేగం సుమారు 0.2 జీఈవీ/సీ మాత్రమే కాబట్టి, దాన్ని 4.5తో భాగిస్తే వచ్చే 0.044 రేడియన్ల, అంటే రెండున్నర డిగ్రీల ఇరుకు శంఖువులోనే ఆ ముక్కలు పడతాయి. ఎమల్షన్‌లోని లక్ష్య కేంద్రకం నుంచి మెల్లగా వెలువడిన ముక్కలు మూడు మిల్లీమీటర్లయినా పోకుండానే ఆగిపోయే నల్లని జాడలుగా అన్ని దిక్కులా కనిపిస్తాయి. ఏ జాడ ఎవరిదో తేల్చకుండా ముక్కల సంఖ్య రాయవద్దు.

పలక మీద అక్కడా ఇక్కడా చూస్తూ స్టార్లు, అంటే ఒకే చోటు నుంచి చాలా జాడలు చిమ్మిన ఘటనలు, ఏరితే పని త్వరగా సాగుతుంది గానీ, పెద్ద స్టార్లే కంటికి ఆనుతాయి. ఒరుసుకుపోయిన ఘటనలు, అంటే ముక్కలవడం గురించి ఎక్కువ చెప్పేవి, చాలా భాగం తప్పిపోతాయి. పలక అంచు దగ్గర ఒక కార్బన్ జాడను పట్టుకుని, అది ఢీకొనేదాకా లేదా పలక దాటేదాకా దాని వెంటే వెళ్లు. విసుగు పుట్టించే పనే అయినా దీనికి మరో దారి లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కార్బన్ మూడు ఆల్ఫాలుగా, అంటే హీలియం కేంద్రకాలుగా, విడిపోవడానికి 7.27 ఎంఈవీ చాలు (వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ, వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ), పుంజంలోని ఒక్కో కేంద్రకం మొత్తం గతిశక్తి 44 జీఈవీ. అందువల్ల లక్ష్యం వైపు ఒక్క నల్ల జాడ కూడా లేకుండా, ముందుకు మూడు ఆల్ఫా జాడలు మాత్రమే కనిపించే ఘటనలు నీకు ఎదురవుతాయి. వాటిలో కొన్ని బెరీలియం-8 మీదుగా వస్తాయి. అది రెండు ఆల్ఫాలుగా చీలేటప్పుడు విడుదలయ్యే శక్తి 92 కేఈవీ మాత్రమే కాబట్టి, ఆ రెండు జాడల మధ్య కోణం రెండు మిల్లీరేడియన్లు మించదు. విరిగిన చోటు నుంచి ఒక మిల్లీమీటరు దూరం పోయినా వాటి మధ్య ఎడం రెండు మైక్రాన్లే. వెండి రేణువు పరిమాణమే దాదాపు అర మైక్రాను ఉంటుంది గనుక, అంతదాకా అవి ఒకే దళసరి జాడలా కనిపిస్తాయి.

జాడ ఎంత దట్టంగా ఉంటుందో నిర్ణయించే అయనీకరణం కణం ఆవేశపు (ఆల్ఫాకు రెండు, లిథియంకు మూడు) వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కలిసిపోయిన రెండు ఆల్ఫాలు నాలుగూ నాలుగూ కలిపి ఎనిమిది చూపిస్తే, లిథియం తొమ్మిది చూపిస్తుంది. జాడ పక్కన ఎగిరిపడే ఎలక్ట్రాన్ల చిన్న జాడల, అంటే డెల్టా కిరణాల, లెక్కలో ఆ తేడా తెలియదు. నేను మొదటి ఏడాది ఈ రెండింటినీ వేరు చేయలేక, లిథియం ఎక్కువ వస్తోందని పట్టిక నింపాను. జాడలను మూడు నాలుగు మిల్లీమీటర్ల దాకా మళ్లీ వెంబడిస్తే వాటిలో చాలా భాగం రెండుగా విడిపోయాయి. ఆ పట్టిక మొత్తం కొట్టివేయడం ఇప్పటికీ బాధగానే ఉంది. కాబట్టి శంఖువులో లిథియంలా కనిపించిన ప్రతి జాడనూ దూరం తీసుకెళ్లి చూడు.

లోతు కొలిచేటప్పుడు, కడిగి ఆరబెట్టిన ఎమల్షన్ మందం తగ్గిపోతుందని మరువకు. ఆ గుణకాన్ని ప్రతి పలకకూ విడిగా కొలుచుకో, వానాకాలంలో గాలి తేమకు అది మారుతుంది కూడా.

ప్రతి ఘటన చివరా శంఖువులోని ఆవేశాలు కూడి చూడు. ఆరు దాటిందంటే ఏదో పయాన్‌ను ప్రోటాన్‌గా లెక్కించావన్నమాట, ఎందుకంటే ఒక యూనిట్ ఆవేశమున్న వేగవంతమైన జాడలన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. జర్మనీలోని జీఎస్‌ఐ పరిశోధనశాలలో అలాడిన్ ప్రయోగ బృందం బంగారు కేంద్రకాల ముక్కలను వర్గీకరించినప్పుడు రెండు యూనిట్లు లేదా అంతకు మించి ఆవేశమున్న ముక్కల ఆవేశాలనే కూడింది. నువ్వు కూడా ఆ మొత్తానికి ఒక గడి వేరుగా పెట్టుకుని, హైడ్రోజన్‌ను పక్క గడిలో రాయి. మొదటి వంద ఘటనల పట్టిక పూర్తికాగానే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మావయ్య