కెమెరా ఆగుతుంది, రూమ్ అద్దె ఆగదు

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. ఒంగోలులో ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్ తీసుకుని జర్నలిజం చివరి ఏడాది చదువుతున్నాను. ల్యాబ్ జర్నల్, డిసర్టేషన్‌తో పాటు ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి. వేలం కేంద్రానికి తీసుకెళ్లిన పొగాకు బేళ్లు ఎందుకు వెనక్కి వస్తున్నాయన్నది నా సబ్జెక్టు. కెమెరా, లెన్స్, మైకు, ట్రైపాడ్ అన్నీ కలిపి 1,02,000 అవుతోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి 42,000 ఉన్నాయి. మిగతా 60,000కు ఒక యాప్‌లో లోన్ అప్రూవ్ అయింది. ప్రాసెసింగ్ ఫీజు 3,000, దానిపై జీఎస్టీ పోను మిగతాది అకౌంట్లో వేస్తారట. నెలకు 6,250 చొప్పున పన్నెండు నెలలు కట్టాలి. ఓకే నొక్కడమే తరువాయి. ట్యూషన్ల మీద నెలకు 5,000 వస్తాయి, నాన్న 4,000 పంపుతారు. ఖర్చు 8,000 దాకా అవుతుంది. చదువయ్యాక మా మండలానికి రిపోర్టర్‌గా తీసుకుంటామని ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు చెప్పారు. లోగోకీ, ఐడీ కార్డుకీ 25,000 డిపాజిట్ కట్టమంటున్నారు. ఇదంతా ఎలా సర్దుకోవాలి? నాన్న పొగాకు రైతు, ఆయన్ని అడగలేను.

జవాబు: నొక్కకండమ్మా.

మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం ఉంది. ఇలాంటివి నాకు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి. నిరుడు ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న అబ్బాయి, అంతకుముందు ల్యాప్‌టాప్ కోసం డిజైనింగ్ చదివే అమ్మాయి, ఇప్పుడు మీరు. అందరి లెక్కా ఒకటే. చేతిలో ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్ కట్టేయడం, మిగతాది అప్పు చేయడం, ఉద్యోగం వచ్చాక తీర్చేద్దాంలే అనుకోవడం. ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు, కిస్తీ తారీఖు మాత్రం ఖాయం.

ముందు ఆ లోన్ సంగతి. 60,000కు 75,000 కడతాను, అంటే పదిహేను వేలు వడ్డీ, పాతిక శాతం అని మీరు వేసుకుని ఉంటారు. అది తప్పు. ఫీజు, జీఎస్టీ కలిపి 3,540 ముందే పట్టుకుంటారు కాబట్టి మీ చేతికొచ్చేది 56,460. పైగా ఆ అసలు ఏడాదంతా మీ దగ్గర ఉండదు, మొదటి నెల నుంచే కొంచెం కొంచెంగా తిరిగి వెళ్లిపోతుంటుంది. ఆ లెక్కన చూస్తే నెలకు నూటికి నాలుగున్నర రూపాయల వడ్డీ దాటింది. ఏడాదికి యాభై అయిదు శాతం పైమాటే. మీ ఊళ్లో ఎవరైనా నాలుగున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానంటే ఆ ఇంట్లో ఏం ముంచుకొచ్చిందోనని కంగారు పడతారు. యాప్‌లో అదే వడ్డీకి పచ్చ రంగు బటన్ పెట్టారు, అంతే తేడా. ఇంకో మాట, మీ సంపాదన 5,000, మీ కిస్తీ 6,250. ఈ రెండు అంకెల్నీ ఒకే ఉత్తరంలో రాసి కూడా మీకు అనుమానం రాలేదంటే నాకు కోపం వచ్చింది, దాచుకోను.

ఒక్క కిస్తీ తప్పినా పెనాల్టీ పడుతుంది, అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చెప్పే సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు పీజీకి ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకుకు వెళ్తే మేనేజర్ మొదట చూసేది ఆ స్కోరే.

అసలు సంగతికి వస్తాను. మీ దగ్గరున్న 42,000ని మీరు కెమెరా డబ్బు అనుకుంటున్నారు. నా లెక్కలో అది మీ అత్యవసర నిధి. నెలకు 8,000 ఖర్చుకు అయిదు నెలల పైచిలుకు. మీ వయసులో చాలామంది దగ్గర అయిదు రోజుల డబ్బు కూడా ఉండదు. ట్యూషన్లు చెప్పి ఇంత కూడబెట్టిన పిల్ల ఒక్క మధ్యాహ్నంలో షాపులో పెట్టేసి రావడం ఏమిటి?

మీ ఇంటి సంగతి మీ డాక్యుమెంటరీలోనే ఉంది. పొగాకు రైతుకు డబ్బు కనబడేది వేలం నెలల్లో. ఎవరూ పాడక నో బిడ్ అయిన బేలును మళ్లీ ట్రాక్టర్ ఎక్కించి ఇంటికి తెచ్చుకోవాలి. రానూపోనూ కిరాయి రైతుదే. మళ్లీ తీసుకెళ్లేదాకా తేమ తగలకుండా కాపాడుకోవాలి. డబ్బులు వచ్చినా ముందు బ్యాంకు అప్పుకు జమవుతాయి, మిగిలిందే చేతికి. అలాంటి ఏడాది మీ నాన్న పంపే 4,000 ఆగిపోవచ్చు. ఆగకపోయినా, అది ఏ వడ్డీకి తెచ్చి పంపారో మీకు చెప్పరు. అంటే ఆ 42,000 మీ ఒక్కరి నిధే కాదు, ఆ ఇంటికి కూడా అదే దిక్కు కావచ్చు.

మీ వృత్తి కూడా తొలి రోజుల్లో అలాంటిదే. స్టాఫ్ ఉద్యోగం దొరికితే సరే. జీతం లేని కంట్రిబ్యూటర్‌గా మొదలుపెడితే, అచ్చయిన వార్తల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో ముందుగా చెప్పలేం. హైదరాబాద్‌లో డెస్క్ ఉద్యోగం వచ్చిందనుకుందాం. హాస్టల్ అడ్వాన్స్, మొదటి నెల అద్దె, బస్ పాస్ అన్నీ జీతం కంటే ముందే కట్టాలి. నెలంతా పనిచేశాక గానీ మొదటి జీతం చేతికి రాదు. ఆ నెలన్నర చేతిలో డబ్బు లేక వచ్చిన ఉద్యోగం వదులుకుని తిరిగి ఊరికొచ్చిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు వార్త రాయడం రాక కాదు.

నా సంగతే చెప్తాను. 1998లో నెల్లూరు ట్రంకు రోడ్డులో చిన్న గది తీసుకుని పద్దులు రాసే పని మొదలుపెట్టాను. కంప్యూటర్ లేకపోతే ఎవరూ నమ్మరని ఎవరో అన్నారు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, చేతిలో ఉన్నదంతా దానికి కలిపి కంప్యూటరూ ప్రింటరూ కొన్నాను. మూడో నెలలో మా నాన్న బాత్‌రూమ్‌లో జారి పడి తుంటి విరిగింది. ఆసుపత్రిలో అడ్వాన్స్ కడితేనే అడ్మిషన్ అన్నారు. కొన్న ధరలో సగానికి ప్రింటర్‌తో సహా అమ్మేసి కట్టాను. అప్పు మాత్రం అలాగే మిగిలింది. లేని కంప్యూటర్‌కి ఇంకో ఏడాదిన్నర వడ్డీ కట్టాను. అత్యవసర నిధి అని నేను ప్రతి వారం ఎందుకు సతాయిస్తానో ఇప్పుడైనా అర్థమైందా?

కాబట్టి ఇలా చేయండి. 42,000లోంచి ప్రాజెక్టుకు 8,000కు మించి తీయొద్దు. మిగిలిన 34,000ను ట్యూషన్ డబ్బులు పడే అకౌంట్లోంచి తీసి వేరే బ్యాంకులో వేయండి. ఆ అకౌంటును యూపీఐకి తగిలించకండి. ఫోన్‌లో కనబడే డబ్బు నిలవదు. పదివేలు సేవింగ్స్‌లో, మిగతాది ఎప్పుడంటే అప్పుడు విరిచుకునే ఎఫ్‌డీలో చాలు. చదువు అయ్యేలోగా దాన్ని 48,000, అంటే ఆరు నెలల ఖర్చు, చేయాలి. ఇప్పుడు నెలకు మిగిలే వెయ్యికి ఇంకొక్క ట్యూషన్ పిల్లాణ్ని కలుపుకుంటే అయిపోతుంది. హైదరాబాద్ వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి ఖర్చు నెలకు పన్నెండు వేలు వేసుకుని, తర్వాత ఇంకా పెంచండి.

మరి డాక్యుమెంటరీ? ఒంగోలులో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు ఎంతమంది! ఆషాఢంలోనో, మూఢంలోనో వాళ్ల కెమెరాలు బీరువాల్లో ఉంటాయి, అద్దె బేరం బాగా తెగుతుంది. మీకు కెమెరా కావాల్సింది నాలుగైదు రోజులే. మిగతాది ఫోన్‌తో తీయండి. కాలర్ మైకు మాత్రం కొనుక్కోండి, బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు గానీ రైతు మాట వినబడకపోతే ఎవరూ చూడరు. వేలం నిర్వహణాధికారి దగ్గర అనుమతి తీసుకున్నాకే కెమెరా అద్దెకు మాట్లాడండి, లేకపోతే ఉత్తినే ఒక రోజు అద్దె పోతుంది.

ఆ 25,000 డిపాజిట్ సంగతి. జీతం ఎంత, ఏ తారీఖున, ఏ అకౌంట్లో వేస్తారో కాగితం మీద రాసిమ్మనండి. వాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. చేసినా, ఆ డబ్బు రాబట్టుకోవడానికి పండక్కి శుభాకాంక్షల యాడ్స్ తెమ్మంటారు. ఇవాళ బేలు ఎందుకు వెనక్కి వచ్చిందని మీరు ఏ వ్యాపారిని అడుగుతున్నారో, రేపు సంక్రాంతికి అతని దగ్గరికే యాడ్ కోసం వెళ్లాలి. పత్రికల వాళ్లే నడిపే జర్నలిజం స్కూళ్లున్నాయి, ఎంట్రన్స్ పెట్టి తీసుకుని శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. బాండ్ రాయించుకుంటే మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివి సంతకం పెట్టండి. పోర్ట్‌ఫోలియో ఎలా ఉండాలో మీ లెక్చరర్లను అడగండి, అది నా సబ్జెక్టు కాదు.

అమ్మ నగల మీద బ్యాంకు లోన్ వడ్డీ తక్కువే, అయినా కెమెరా కోసం వద్దు. నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ గురించి ఉద్యోగం వచ్చాక మాట్లాడుకుందాం. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా మీకూ నాన్నకూ ఈ వారమే బ్యాంకులో రాయించండి. నాన్నకు యాభై దాటకపోతే ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా కూడా.

ఈ జవాబు చూసేసరికే ఓకే నొక్కేసి ఉంటే కంగారు పడకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్‌కి కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. మీ లోన్‌కి ఎన్ని రోజులిచ్చారో లోన్ షరతులన్నీ రాసిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అలాంటి కాగితమే ఇవ్వకపోయినా, మీ కాంటాక్టులూ ఫొటోలూ చూడటానికి పర్మిషన్ అడిగినా అది నిబంధనలు పాటించే యాప్ కాదు. ఇంకా నొక్కకపోతే, యాప్ తీసేసినంత మాత్రాన దరఖాస్తు రద్దు కాదు. ముందు లోపలికి వెళ్లి రద్దు చేసి, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, అప్పుడు తీసేయండి.