మెట్రో తవ్వకంలో పురావస్తువు బయటపడితే పని మొత్తం ఆపాలా?

బెంగళూరులో భూగర్భ స్టేషన్ పనుల్లో కొత్తగా చేరిన ఒక తెలుగు ఇంజనీరు అడిగిన ప్రశ్న ఇది. పని మొత్తం ఆపనక్కరలేదు గానీ, వస్తువు కనబడిన చోట, దాని చుట్టుపక్కల మాత్రం యంత్రాలను తక్షణం ఆపి తీరాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి 10 రూపాయలకు మించిన విలువగలది ఏది దొరికినా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

2012లో కె.ఆర్. మార్కెట్ దగ్గర మెట్రో తవ్వకంలో టిప్పు సుల్తాను కాలానివని చెప్పే ఫిరంగులు బయటపడ్డాయి. పక్కనే పాత కోట ఉన్నప్పుడు అలాంటివి దొరకడం ముందే ఊహించదగిన విషయం. కాబట్టి టెండరుకు ముందే పాత పటాలు పరిశీలించి, పరీక్ష గుంతలు తవ్వించి, పని గడువులోనే పురావస్తు శాఖకు కొన్ని వారాలు కేటాయించాలి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి.

వస్తువుతో సమానంగా అది పడి ఉన్న మట్టి పొరను కూడా కాపాడాలని నేను గట్టిగా కోరతాను. ఎర్రమట్టి మధ్య బూడిద చార, ఇటుక ముక్కలు కనబడితే ఫోటో తీసి, లోతు, స్థానం నమోదు చేశాకే కదపాలి. అవేవీ రాసుకోకుండా క్రేనుతో ఎత్తేస్తే, అది ఏ కాలపు నేల మీద పడిందో తరువాత ఎవరూ చెప్పలేరు.