ఇంతకీ ‘రన్’ అంటే ఏమిటి?

పోయిన నెల ‘రన్’ అనే చిన్న ఇంగ్లీషు మాట గురించి నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. జవాబులు ఇవిగో.

నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నా గైడులో ‘రన్’కు పర్యాయపదాలంటూ స్ప్రింట్, మేనేజ్, ఫ్లో, స్మగుల్, ఆపరేట్ అని వరసగా ఇచ్చారు. వీటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కనిపించడం లేదు. గుర్తుపెట్టుకోవడానికి సులువైన దారి చెప్పండి. – ఒక అభ్యర్థి, ఖమ్మం

పొంతన లేదన్న సంగతి మీకు తట్టింది కదా, సగం పని అయిపోయినట్లే. మీ అమ్మ తరఫువాళ్లు, నాన్న తరఫువాళ్లు మీ ఇంట్లో శుభకార్యానికి కలుస్తారు. అందరూ మీకు చుట్టాలే, అంతమాత్రాన వాళ్లకు వాళ్లు చుట్టాలు కారు. స్ప్రింట్‌, స్మగుల్‌ సంగతి కూడా అంతే. గైడు రాసినాయన అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించేశాడు.

ఈ మాట ఎంత పెద్దదో ముందు తెలుసుకోండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం ‘రన్’ క్రియాపదాన్ని తిరగరాసే పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడి మీద పడింది. ఆ ఒక్క మాటతో ఆయన తొమ్మిది నెలలు కుస్తీ పట్టారు. చివరికి తేలిన అర్థాలు 645. అంతకుముందు, అంటే 1989 నాటి రెండో కూర్పు వరకు, ఈ కిరీటం 430 అర్థాలతో ‘సెట్’ అనే మాట నెత్తిన ఉండేది. దాన్ని ‘రన్’ దాటిపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం యంత్రాలు. రైలు, మగ్గం, మోటారు, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాము, కొత్తగా ఏది వచ్చినా ఇంగ్లీషువాళ్లు దానికి కాళ్లు తగిలించి పరుగెత్తించారు.

645 అర్థాలను ఎవరూ బట్టీ పట్టలేరు, పట్టాల్సిన పనీ లేదు. పరీక్షలో వాక్యం ఇస్తారు కదా, అందులో పరుగెత్తేది ఎవరో, ఏమిటో చూడండి. మనిషో గుర్రమో అయితే స్ప్రింట్. నది అయితే ఫ్లో. యంత్రమైతే ఆపరేట్. ఇక మనిషే దేన్నయినా ‘రన్’ చేస్తున్నాడనుకోండి, చేసేది దేన్నో చూడండి. హోటలైతే మేనేజ్. సరిహద్దు దాటించి తుపాకులైతే స్మగుల్. రోడ్డు ఊరి పక్కనుంచి ‘రన్’ అయితే దానికి పరుగూ లేదు, కదలికా లేదు, ఆ వైపుగా పోతోందని అర్థం. రోడ్డు కదలదని తెలిసీ మనం కూడా ‘ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?’ అని అడుగుతాం కాబట్టి నవ్వాల్సిన పని లేదు.

ఇంకొక్క మాట. ఇంగ్లీషు పరుగెత్తించేవాటిలో చాలావాటిని తెలుగు నింపాదిగా నడిపిస్తుంది. దుకాణం నడుపుతాం, బడి నడుపుతాం, బస్సు నడుపుతాం. గడియారం నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది. ‘ఇన్ ద లాంగ్ రన్’ అనే పలుకుబడికి కూడా మన దగ్గర పరుగు లేదు, ‘రాను రాను’, ‘పోను పోను’ అంటాం. ప్రశ్నలో ‘రన్’ కనిపించినప్పుడు అక్కడ ‘నడుపు’ పెట్టి చూడండి. అతికిందంటే జవాబు దాదాపుగా మేనేజ్, ఆపరేట్‌లలో ఒకటి.

డాలస్‌లో ఉన్న మా మనవరాలు ఫోనులో ‘అమ్మమ్మా, నా ముక్కు పరుగెడుతోంది’ అంది. ఇంటిల్లిపాదీ నవ్వాం. పిల్ల చిన్నబుచ్చుకుంది. ఏమని సర్దిచెప్పాలి? – ఒక అమ్మమ్మ, తెనాలి

అమ్మా, ముందు నవ్వడం ఆపండి. ఆ పిల్ల ఇంగ్లీషులో విన్నదాన్ని తెలుగు క్రియతో, తెలుగు విభక్తితో తప్పు లేకుండా చెప్పింది. లోపించింది ఒక్కటే, ముక్కు కారుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఈసారి ఫోను చేసినప్పుడు ముక్కుతో పాటు ఇంకేమేం కారతాయో చెప్పండి. వానకు కప్పు కారుతుంది. కుళాయి కారుతుంది. చంటివాడికి చొంగ కారుతుంది. ఒకటి నేర్పితే నాలుగు పట్టుకుంటుంది.

‘కలర్స్ రన్’ అని కూడా ఆమె వింటుంది. అక్కడ ‘కారు’ పనికిరాదు. కొత్త చీరను మొదటిసారి ఉతికే ముందు ఉప్పునీళ్లలో నానబెడతారు కదా, ఎందుకు? రంగు దిగుతుందని. దాన్ని తెల్ల పంచెతో కలిపి నానబెడితే ఆ రంగు పంచెకు అంటుతుంది. ఎండలో ఆరేసి ఆరేసి పోతే మాత్రం రంగు వెలిసిందంటాం. దిగడం వేరు, వెలవడం వేరు. ఇంగ్లీషులోనూ అవి వేర్వేరు మాటలే, రెండోది ‘ఫేడ్’.

వంటింట్లో ఉన్నారు కాబట్టి మరొకటి. బియ్యం అయిపోతే ఇంగ్లీషులో ‘రన్ అవుట్’. మన ఇళ్లలో లేవు, అయిపోయాయి అనడానికి నోరు రాక ‘నిండుకున్నాయి’ అంటాం. డబ్బా ఖాళీ అయితే నిండిందని ఎందుకంటారని మనవరాలు తప్పకుండా అడుగుతుంది. ఆ జవాబు మీ నోటితోనే విననివ్వండి, నేను చెప్పను.

ఒక వార్తలో ‘బ్యాంకు పరుగు’ అని చదివాను. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన నాకే అది అర్థం కావడానికి క్షణం పట్టింది. ఇది సరైన అనువాదమేనా? – విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

కాదండీ. బ్యాంకు ఎక్కడికీ పరుగెత్తదు. అది మునిగిపోతుందన్న భయంతో తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి పరుగెత్తేది డిపాజిటుదార్లు. నేను పనిచేసిన పత్రిక డెస్కులో టెలిప్రింటర్ కాగితాలు చింపి మా ముందు పడేసేవారు. రాత్రి పదకొండు దాటాక వచ్చే ఏజెన్సీ వార్తలను అరగంటలో తెలుగు చేయాలి. ఆ తొందరలో ‘రన్ ఆన్ ద బ్యాంక్’ వచ్చిందంటే కొత్తగా చేరినవాళ్లు సరిగ్గా ఈ పనే చేసేవారు. మా చీఫ్ సబ్ ఎడిటర్ ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి ‘డిపాజిటుదార్ల తాకిడి’ అని రాసి, ‘బ్యాంకుకు కాళ్లున్నాయా నాయనా?’ అనేవారు. ‘డబ్బు కోసం ఎగబడ్డారు’ అన్నా సరిపోతుంది.

2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం బారులు తీరారు. ఆ దేశంలో అలాంటి తాకిడి దాదాపు 140 ఏళ్లుగా ఎవరూ చూడలేదు. అక్కడ కనీసం మనుషులు వీధిలోకి వచ్చారు. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదార్లు ప్రయత్నించారు. చాలావరకు ఫోన్లలో, కంప్యూటర్లలో, కూర్చున్న చోటునుంచే. మర్నాడు బ్యాంకు మూతపడింది. దాన్నీ ‘రన్’ అనే అన్నారు. కుర్చీలోంచి లేవకుండా సాగిన ఈ తంతును తెలుగులో ‘పరుగు’ అని రాస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అన్నట్టు, మా డెస్కులో ఇంకో ‘రన్’ ఉండేది. ఇంగ్లీషు పత్రికలవాళ్లు వార్తను ‘రన్’ చేస్తారు. మేము ‘వేస్తాం’. ‘ఇది మొదటి పేజీలో వేద్దామా, లోపల వేద్దామా?’ అన్నదే మా రాత్రి చర్చ అంతా.

ఎన్నికల్లో అమెరికావాళ్లు ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌వాళ్లు ‘స్టాండ్’ చేస్తారు. మనం? – వరంగల్ పాఠకుడు

నిలబడతాం. ‘మా బావ సర్పంచిగా నిలబడ్డాడు.’ పత్రిక భాషలో పోటీ చేస్తాం, బరిలో దిగుతాం. ‘బరి’ కోడిపందేల నుంచి, కుస్తీల నుంచి వచ్చింది. మన ఎన్నికలకు బాగా అతికిన మాట.

క్రికెట్‌లో ఫోర్ కొట్టినప్పుడు బ్యాటర్ కదలకుండా నిలబడ్డా నాలుగు ‘పరుగులు’ అంటారేమిటి? – తొమ్మిదో తరగతి విద్యార్థి, కర్నూలు

మంచి ప్రశ్న బాబూ. మొదట్లో నిజంగానే పరుగెత్తి సంపాదించేవారు. బంతి హద్దు దాటితే ఇన్ని ఇస్తామని నిబంధన వచ్చాక కూడా పేరు మారలేదు. అంతకన్నా పాత సంగతి ఒకటుంది. 18వ శతాబ్దంలో స్కోరు రాసేవాడు కాగితం బదులు కర్ర పట్టుకుని, ఒక్కో పరుగుకూ కత్తితో ఒక్కో గాటు పెట్టేవాడు. అందుకని అప్పట్లో పరుగులను ‘గాట్లు’ అన్న అర్థం వచ్చే ‘నాచెస్’ అనే మాటతో లెక్కపెట్టేవారు. ఆ పేరే నిలిచిపోయి ఉంటే మన పత్రికల ‘పరుగుల వరద’ ఏమై ఉండేదో!

‘రన్’కు 645 అర్థాలని మీరే రాశారు. అలాంటి ఒక్క మాటైనా తెలుగులో ఉందా? మన భాష పేదదని ఒప్పుకోవచ్చు కదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఒప్పుకోను. మీరు పొద్దున లేచింది మొదలు వాడే మాటలనే తీసుకుందాం.

రాత్రి నిద్ర పట్టలేదు. చెమట పట్టింది. ముసురు పట్టింది. ఆఫీసుకు వెళ్లడానికి గంటన్నర పట్టింది. బండికి తుప్పు పట్టింది. సంచిలో పది కిలోలు పట్టాయి. కూరలో ముక్కకు ఉప్పు పట్టలేదు. అప్పు ఇచ్చినవాడు ఇంటి దారి పట్టాడు. నాకేం పట్టింది? వీటిలో ఏ రెండింటికైనా ఇంగ్లీషులో ఒకే మాట పెట్టగలరేమో ప్రయత్నించండి. పట్టుచీర లెక్క వేరు, దాన్ని కలపడం లేదు. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ‘పట్టు’ దగ్గర ఆగి చూడండి, ఆ దొరగారు ఎంత శ్రమపడ్డారో తెలుస్తుంది.

‘ఆడు’ ఇంకా గమ్మత్తైనది. పిల్లలు ఆడతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, గానుగలో నువ్వులు ఆడిస్తారు, అబద్ధం ఆడతారు, కుక్క తోక ఆడిస్తుంది. పంట చేతికొచ్చిన నెలలో ఊళ్లో డబ్బు ఆడుతుంది. దుఃఖంలో ఉన్నవాడికి కాలూ చెయ్యీ ఆడవు. సినిమా దగ్గర, గానుగ దగ్గర ఇంగ్లీషువాడు ‘రన్’ వాడతాడు, మనం ఆట వాడతాం.

పోనీ అచ్చంగా ‘రన్’ లాంటిదే కావాలంటారా? ‘పారు’ ఉంది. ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు, చూపు పారినంత మేర చేలు కనిపిస్తాయి, ఎత్తు వేసినవాడి పాచిక పారుతుంది. నీటి ప్రవాహాన్నీ, మనిషి పలాయనాన్నీ ఒకే క్రియతో చెప్పడం ఇంగ్లీషు సొత్తేమీ కాదు. మనకు లేనిది మాటలు కావు. వాటి అర్థాలన్నీ కూర్చుని పోగుచేసి, పుస్తకాల నుంచి తేదీలతో సహా ఉదాహరణలు ఏరి, తొమ్మిది నెలలు ఒకే మాట మీద జీతమిచ్చి కూర్చోబెట్టే వ్యవస్థ. ఆ పేదరికం గురించి అయితే మీతో ఏకీభవిస్తాను.

కథలు రాస్తుంటాను. ఇంగ్లీషులోనూ ప్రయత్నిస్తున్నాను. పర్యాయపదాల పుస్తకం రోజెట్ థెసారస్ పక్కన పెట్టుకుని, ‘రన్’ వచ్చినచోటల్లా బరువైన మాట వేస్తే రచన పండుతుందా? – నిజామాబాద్ పాఠకురాలు

పండదమ్మా, మాగుతుంది. పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 73 ఏళ్ల వయసులో, 1852లో, ఆ పుస్తకం అచ్చువేశాడు. బ్రౌన్ నిఘంటువు వచ్చిన ఏడాదే. ఆయన ఉద్దేశం మీరు చేస్తున్న పనికి సరిగ్గా తలకిందులు. మనసులో భావం ఉండి, మాట నాలుక చివర ఆగిపోయినవాళ్ల కోసం దాన్ని కూర్చాడు. అందుకే మాటలను అకారాదిగా పేర్చలేదు, భావాల వారీగా పేర్చాడు. ఈ పద్ధతి మీకు ఎక్కడో విన్నట్టు ఉందా? మన పాత సంస్కృత నిఘంటువు అమరకోశం కూడా ఇలాగే వర్గాలుగా ఉంటుంది. రోజెట్ తన ముందుమాటలో, ఇలాంటి పని తనకన్నా ముందు చేసినవాటిలో అన్నిటికన్నా పాతది అమరకోశమేనని, కోల్‌బ్రూక్ చేసిన దాని ఇంగ్లీషు అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిందని పేరుపెట్టి మరీ రాశాడు. మన తాతలు పలక మీద వల్లెవేసిన పుస్తకం ఆయన బల్ల మీదికి అలా చేరింది.

కాబట్టి థెసారస్‌లో మీకు ముందే తెలిసిన మాటను గుర్తుచేసుకోండి, తెలియని మాటను అక్కడినుంచి ఎత్తుకురాకండి. మీ కథలో పిల్లవాడు బస్సు కోసం పరుగెత్తుతున్నాడనుకుందాం. ‘స్కర్రీ’ అంటే చిన్న చిన్న అడుగులతో, ఎలుకలా. ‘గ్యాలప్’ గుర్రానిది. ‘బోల్ట్’ అంటే బెదిరి ఒక్కసారిగా. వీటిలో ఏదీ ఆ పిల్లవాడు కాకపోతే ‘రన్’ అనే ఉంచండి. తెలుగులో కూడా పరుగెత్తినవాణ్ని ఉరికించడం, దౌడు తీయించడం, లంకించుకోనివ్వడం అనవసరం. వాడికి బస్సు దొరికితే చాలు.

‘రన్ ఆఫ్ ద మిల్’ అంటే? – గుంటూరు పాఠకుడు

మిల్లులోంచి వచ్చిన సరుకును రకాలుగా ఏరకముందు, మంచీ చెడూ కలిసి ఉన్న రాశి. అక్కడినుంచి ‘ప్రత్యేకత ఏమీ లేనిది’ అనే అర్థం వచ్చింది. తెలుగులో ‘సాదాసీదా’. మీరు మిర్చి యార్డు ఉన్న ఊరివారు కాబట్టి, తాలుకాయ ఏరని టిక్కీ, అంటే మిర్చి బస్తా, అనుకుంటే ఇంకా తొందరగా అర్థమవుతుంది.