సమాధానం: 2190 బెజవాడలో ప్రాసిక్యూషన్ భవనం ఒక్క పూటలో లూటీ అవకుండా

2190 నాటి బెజవాడలో మీరు నడిపే పాచికల కథా ఆటలో, ఆటగాళ్లు ప్రాసిక్యూషన్ (ప్రభుత్వం తరఫున నేర కేసులు వాదించే విభాగం) ప్రధాన కార్యాలయంలో దూరి హత్యాయుధం ఎత్తుకుపోవడంతో మీ కథ మొదటి పూటే ముగిసిందన్నారు. కాపలా రోబోలను పెంచితే తీరే సమస్య కాదండీ. ఆ వస్తువు అక్కడ ఉండటమే తప్పు. కత్తులు, నెత్తుటి బట్టలు ఉండేది పోలీసుల దగ్గర, ల్యాబులో, కోర్టు ప్రాపర్టీ గదిలో. ప్రాసిక్యూటర్ దగ్గర ఉండేవి ఛార్జిషీటు, సాక్షుల జాబితా, కేసుపై అభిప్రాయం.

భవనంలో అంతస్తులకు ఇప్పటి చట్టాన్నే వాడుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 20వ సెక్షన్‌లో శిక్షను బట్టి పర్యవేక్షణ ఉంది: ఏడేళ్లలోపైతే అసిస్టెంట్ డైరెక్టర్, ఏడు నుంచి పదేళ్లలోపైతే డిప్యూటీ, పదేళ్లు, ఆపైన డైరెక్టర్. అలా మూడు అంతస్తులు; ఒక్కో దానిలో దూరడానికి ఇరవై ముఖాల పాచికపై కనీసం పడాల్సిన అంకెలు వరుసగా 12, 15, 18.

ఆటగాళ్లు కేసు ఫైలు మార్చగానే అలారం మోగించకండి. ప్రతి ఫైలుకూ హాష్ విలువ (ఫైలులో ఉన్నదాన్ని బట్టి కంప్యూటర్ లెక్కగట్టే గుర్తు) ఉంటుంది, ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఆ విలువ నకళ్లు పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో పెట్టండి. ఉదయం పదిన్నరకు కోర్టులో సరిపోల్చేలోపు ఆటగాళ్లు ఆ రెండు నకళ్లనూ మార్చాలి. అసలు ఉత్కంఠ ఇక్కడే పుడుతుంది, రాత్రంతా ఊరు తిరగాల్సిందే.

దొంగతనం వద్దనే జట్టుకు అదే చట్టంలోని 360వ సెక్షన్ దారి ఇవ్వండి: కోర్టు అనుమతిస్తే ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకోవచ్చు.

భవనాన్ని సింగ్‌నగర్‌లో మాత్రం పెట్టకండి, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచింది అక్కడే. గుణదల కొండవాలు మేలు.