జట్టు మధ్యలో మానేసిన సభ్యుడి రుసుము మాపై వేస్తున్నారు: సమాధానం

మీ బౌలింగ్ లీగ్‌లో నలుగురి జట్టు నుంచి 14వ వారం తర్వాత ఒకరు మానేస్తే, ఆ సభ్యుడి వారం రుసుము 20 డాలర్ల చొప్పున మిగిలిన 18 వారాల సొమ్ము మీ ముగ్గురూ కట్టాలని లీగ్ సెక్రటరీ అంటున్నారన్నారు కదా. డబ్బు ఇచ్చేముందు ఆ 20 డాలర్లు దేనికి ఎంత పోతోందో అడగండి.

ఉదాహరణకు 14 డాలర్లు లేన్ల (బంతి దొర్లించే బాటల) అద్దెకు, 5 డాలర్లు బహుమతి నిధికి, 1 డాలరు సెక్రటరీ గౌరవవేతనానికి అనుకుందాం. బహుమతి నిధి వాటా ఎలాగూ తప్పదు, ఎందుకంటే సీజన్ మొదట్లో లెక్కగట్టిన బహుమతులు అన్ని జట్ల పూర్తి చెల్లింపు మీదే నిలబడతాయి. అసలు పేచీ అద్దె దగ్గరే. బౌలింగ్ సెంటర్‌తో ఒప్పందం ఆడిన ఆటలకే అయితే ఖాళీ స్థానానికి అద్దె ఉండదు: బహుమతి నిధి, గౌరవవేతనం కలిపి వారానికి 6 చొప్పున 18 × 6 = 108 డాలర్లు చాలు, 360 కాదు. లేన్‌కు ఇంత అని రాసుంటే మాత్రం మొత్తం కట్టాల్సిందే. చివరి రెండు వారాల సొమ్ము ముందే వసూలు చేసుంటే ఆ 40 తీసేయమనండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

కొత్త ఆటగాణ్ని తెస్తే గొడవే ఉండదు. పాత బకాయి అతని నెత్తిన వేయకండి, మళ్ళీ పారిపోతాడు!

లీగ్ ఖాతా సంగతి: మీది యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న లీగ్ అయితే బ్యాంకు నుంచి డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలి, అధ్యక్షుడు నెలనెలా నిల్వ సరిచూడాలి. స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగండి. చూపించకపోతే లీగ్ బోర్డు సమావేశం పెట్టించండి.