గింజలు చల్లే ముందు ఆ మచ్చల్ని చూడు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

లాన్‌లో గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోయిందనీ, మళ్ళీ గింజలు చల్లాలనుకుంటున్నాననీ నువ్వు పంపిన ఫోటోలు చూశాను. టెన్షన్ పడకు, బాగుచేసుకోవచ్చు. కానీ గింజల బస్తా కొనే ముందు ఆ మచ్చల దగ్గర కూర్చుని గడ్డిని గుప్పిట పట్టి లాగు. న్యూజెర్సీ ఎండలకి జూలై, ఆగస్టుల్లో గడ్డి గోధుమ రంగుకి తిరగడం మామూలే. గట్టిగా నిలిస్తే బతికే ఉన్నట్టు, నీళ్ళు పడితే పచ్చబడుతుంది. చాపలా మొత్తం పైకి లేచొస్తే మాత్రం కింద వేరుపురుగు ఉన్నట్టే. మన వేరుశనగ చేలల్లో చూసే లాంటిదే: తెల్లటి ఒళ్ళు, గోధుమ రంగు తల, వంపు తిరిగి పడుకుని ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా అది జపనీస్ బీటిల్ అనే పెంకుపురుగు పిల్ల. ఆ పురుగు అమెరికాలో మొదట బయటపడింది ఈ న్యూజెర్సీలోనే, 1916లో, రివర్టన్‌లో. చదరపు అడుగులో పదికి మించి కనిపిస్తే ముందు వాటి పని పట్టాలి. లేకపోతే నువ్వు మొలిపించిన వేళ్ళు కూడా వాటికే మేత.

పురుగు లేకపోతే తడి నేలలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు. దిగలేదంటే నేల బిగుసుకుపోయింది. నేలకి చిల్లులు పెట్టి గుల్ల చేసే ఏరేటర్ యంత్రం అద్దెకి తెచ్చి అల్లుడుగారి చేత ఒకసారి తిప్పించు. రట్‌గర్స్ యూనివర్సిటీ వాళ్ళ ల్యాబ్‌కి మట్టి పంపి భూసార పరీక్ష కూడా చేయించు. సున్నం వెయ్యాలో వద్దో అదే చెబుతుంది, ఊహించి వెయ్యకు.

గింజలు చల్లడానికి ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా మంచి అదును. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది, కలుపు జోరూ తగ్గుతుంది. వసంతంలో వేస్తే వేళ్ళు దిగకముందే వేసవి వచ్చి పడుతుంది.

ఎండ తగిలే చోటికి టాల్ ఫెస్క్యూ అనే గడ్డి రకం తీసుకో, మేపుల్ చెట్టు నీడకి ఫైన్ ఫెస్క్యూ రకం. బస్తా వెనకాల లేబుల్ చదువు. యాన్యువల్ రైగ్రాస్ అనే గడ్డి రకం ఎక్కువుంటే కొనకు, అది ఏడాదితో సరి. ఖాళీ నేలకి వెయ్యి చదరపు అడుగులకి ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల టాల్ ఫెస్క్యూ చాలు. పలచబడ్డ చోట అందులో సగం.

అసలు పని ఇక్కడుంది. చచ్చిన గడ్డినంతా రేక్‌తో గీకెయ్, మట్టి కళ్ళకి కనబడాలి. పైన అర అంగుళం మేర గుల్ల చేసి, సగం గింజలు నిలువుగా, మిగతా సగం అడ్డంగా చల్లు. పావు అంగుళానికి మించి లోతుకి పోకుండా రేక్‌తో పైపైన కదిపి, కాలితో తొక్కు. ఎండుగడ్డి మీద పడ్డ గింజ మొలవదు, మొలిచినా నిలవదు. గింజ మట్టికి తగలాలి.

ఆ తరవాత అంతా నీళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది. పై మట్టి పదును ఆరకూడదు, అలాగని మడుగు కట్టకూడదు. రోజుకి రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. మీరిద్దరూ ఆఫీసుకి పోయేవాళ్ళు కాబట్టి కుళాయికి టైమర్ బిగించుకోండి. ఫెస్క్యూ వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. కెంటకీ బ్లూగ్రాస్ రకం కలిసిన బస్తా అయితే ఇంకో వారం ఓపిక పట్టు. మొలకలు నిలదొక్కుకున్నాక తడులు తగ్గించి, పెట్టినప్పుడు లోతుగా పెట్టు.

భాస్వరం ఉన్న ఎరువు మామూలు లాన్లకి వెయ్యకూడదని ఇక్కడ చట్టం ఉంది, కొత్తగా విత్తేవాళ్ళకి మినహాయింపు. నవంబరు 15 దాటితే మార్చి దాకా ఏ ఎరువూ వద్దు.

నాలుగు అంగుళాలు పెరిగాక మూడుకి కోయించు, మోవర్ బ్లేడు పదునుగా ఉండాలి. మేపుల్ ఆకులు రాలితే మొలకల మీద నిలవనివ్వకు, కింద కుళ్ళిపోతాయి. గరాజ్‌లో ఉన్న క్రాబ్‌గ్రాస్ కలుపు మొలవకుండా వేసే మందు మాత్రం ఇప్పుడు ముట్టుకోకు, అది నీ గింజల్నీ మొలవనివ్వదు. వచ్చే ఏప్రిల్‌లో వేసుకోవచ్చు.

ఇట్లు,
మీ పెద్దమ్మ