మోటారు వైండింగ్‌కు నాలుగు ఓమ్‌లేనా?

మిర్యాలగూడలో మోటారు వైండింగ్ షాపు నడిపే మా మెకానిక్ మీ కరెంటు సందేహాలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాను. మా బోరు మోటారు 5 హెచ్‌పీ, త్రీఫేజ్. ఈమధ్య నీళ్లు తక్కువ పోస్తుంటే టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూశాను. ఫేజుల మధ్య 410 వోల్టులు, మూడు వైర్లలోనూ 9 ఆంపియర్లు ఉన్నాయి. 410ని 9తో భాగిస్తే నిరోధం 45 ఓమ్‌లు దాటాలి. మోటారు ఆపి మల్టీమీటర్ పెడితే 4 ఓమ్‌లే చూపింది. వైండింగ్ షార్టయింది, మోటారు పైకి తీయాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. పవర్ లెక్క మాత్రం కుదిరింది: 410ని 9తో గుణిస్తే 3690 వాట్లు, 5 హెచ్‌పీ అంటే 3730. ఏది నమ్మమంటారు?

జవాబు: తమ్ముడూ, అప్పుడే మోటారు తీయించకు. తీసి దించడానికి ఎంతవుతుందో మీ బాపుకు తెలుసు.

నీ మీటరు తప్పు చెప్పలేదు. 5 హెచ్‌పీ వైండింగ్‌కు 4 ఓమ్‌లు ఉండటం మామూలే. అది రాగితీగ నిరోధం. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం రావడం హీటర్‌కు, ఇస్త్రీపెట్టెకు సరిపోయే లెక్క. మోటారు తిరుగుతుంటే వైండింగ్‌లోనే ఎదురు వోల్టేజీ పుట్టి, వచ్చే వోల్టేజీలో చాలా భాగాన్ని అడ్డుకుంటుంది. మిగిలిన కొద్దిపాటికే 9 ఆంపియర్లు పారుతున్నాయి. రోటర్ (మోటారులో తిరిగే భాగం) ఇంకా కదలని క్షణంలో ఆ అడ్డు సరిగ్గా ఉండదు, అందుకే స్టార్టింగ్‌లో మోటారు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. రాగితీగ ఒక్కటే అడ్డమైతే 410ని 4తో భాగించు, వంద ఆంపియర్లు దాటుతుంది. స్టార్టర్ బటన్ నొక్కగానే ఫ్యూజులు ఎగిరిపోయేవి.

ఇక పవర్. నీ లెక్క కుదిరింది కానీ కాకతాళీయంగా. త్రీఫేజ్‌లో 1.732తో కూడా గుణించాలి. 1.732 × 410 × 9 చేస్తే 6390 దాకా వస్తుంది. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా పవర్‌గా లెక్కకొచ్చే వంతు) గుణించాలి, 0.8 అనుకుంటే 5110 వాట్లు. ఇది మోటారు లోపలికి తీసుకునేది. నేమ్‌ప్లేట్ మీద 5 హెచ్‌పీ అంటే షాఫ్ట్ దగ్గర ఇచ్చే 3730 వాట్లు. మిగతాది వేడి కింద, రాపిడి కింద పోతుంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఇంత నష్టం కొత్తేమీ కాదు.

షార్ట్ ఉందో లేదో తేలాలంటే ఒక్క రీడింగు చాలదు. స్టార్టర్ ఆపి ఊరుకోకు, ఫ్యూజులు పీకేసి, కేబుల్ మూడు వైర్లూ స్టార్టర్ నుంచి విప్పు. మల్టీమీటర్ రెండు పుల్లలూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూడు. ఆ అర ఓమో ఎంతో తర్వాత తీసేయాలి. ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు, మూడు జతలూ చూడు. మూడూ ఒకేలా ఉంటే పెద్ద షార్ట్ లేనట్టే. ఒక జత 4, మిగతావి రెండున్నర, మూడు చూపిస్తే అనుమానించు. నాలుగైదు చుట్లే షార్టయితే మల్టీమీటర్ పట్టుకోలేదు, కానీ నడిచేటప్పుడు మూడు వైర్ల కరెంటు తేడాగా ఉంటుంది. నీకు మూడింటిలోనూ 9 వస్తోందిగా! చివరగా మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) వైండింగ్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడు. మెగాఓమ్‌కు, అంటే పది లక్షల ఓమ్‌లకు తక్కువైతే అప్పుడు మీ మెకానిక్ మాట విందాం. అప్పటిదాకా నీళ్లు తగ్గిన కారణం బోరులో నీటిమట్టంలోనో, పంపులోనో, పైపులోనో వెతుకు.

ఆ 4 ఓమ్‌లు పనికిరాని అంకె కాదు. యాసంగిలో లో వోల్టేజ్ వచ్చినప్పుడు దాని సంగతి తెలుస్తుంది. వోల్టేజీ 320కి పడితే మోటారు పని తగ్గించుకోదు, అదే నీళ్లు లాగడానికి పదకొండున్నర ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గం మీద పెరుగుతుంది. త్రీఫేజ్‌లో కరెంటు వర్గాన్ని ఆ 4తో, మళ్లీ ఒకటిన్నరతో గుణించాలి: 9 దగ్గర సుమారు 490 వాట్లు, పదకొండున్నర దగ్గర 790. వైండింగ్ కాలేది ఇక్కడే. 2018 జనవరి 1న రైతులకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. అందులో న్యాయం ఉంది. కరెంటు పోయి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే ఐదారు రెట్లు లాగితే వోల్టేజీ ఎక్కడ నిలబడుతుంది? మీ స్టార్టర్‌లో కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉందా, దాన్ని ఎవరైనా నేమ్‌ప్లేట్ కరెంటుకు మించి తిప్పారా, ఈరోజే చూడు. మా షాపుకు వచ్చే కాలిన మోటార్లలో రిలే సరిగ్గా ఉన్నవి అరుదు.

ప్రశ్న: మా ఇంట్లో 1500 వాట్ల హీటర్ రాడ్ ఉంది. పొద్దున వోల్టేజీ 180కి పడుతుంది. అప్పుడు కరెంటు ఎక్కువ లాగి బిల్లు పెరుగుతుందా? (జడ్చర్ల నుంచి ఒక గృహిణి)

జవాబు: పెరగదమ్మా, మోటారు ఆడే ఆట ఇక్కడ లేదు. రాడ్ నిరోధం పెద్దగా మారదు. 230ని 230తో గుణించి 1500తో భాగిస్తే సుమారు 35 ఓమ్‌లు. 180 వోల్టుల దగ్గర ఐదు ఆంపియర్లు, 920 వాట్లే. 25 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 45 డిగ్రీలకు కాగడానికి 230 దగ్గర 14 నిమిషాలు చాలు, 180 దగ్గర 23 పడుతుంది. ఎలా కాచినా యూనిట్‌లో మూడో వంతు, అంతే. బకెట్ మీద మూత పెడితే ఇంకొంచెం మిగులుతుంది, కానీ ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి.

ప్రశ్న: 100 వాట్ల పాత బల్బు లెక్కలో 529 ఓమ్‌లు, మీటర్‌లో 40 కూడా లేవు. ఎందుకు? (వనపర్తి నుంచి పదో తరగతి విద్యార్థి)

జవాబు: మీటర్ చల్లటి ఫిలమెంట్‌ను కొలిచింది, నువ్వు వెలిగే ఫిలమెంట్‌కు లెక్క కట్టావు. టంగ్‌స్టన్ 2500 డిగ్రీల పైన వేడెక్కితే నిరోధం పన్నెండు, పదిహేను రెట్లు పెరుగుతుంది. స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కువ బల్బులు పోవడం చూసే ఉంటావు. అప్పుడు ఫిలమెంట్ చల్లగా ఉండి ఒక్కసారి ఆరేడు ఆంపియర్లు లాగుతుంది.